పిల్లల సెలవులు, మధ్యాహ్నపు నాలుగు గంటలు

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఆమెకు 34 ఏళ్లు, ఒక బట్టల దుకాణంలో పనిచేస్తారు. ఉదయం తొమ్మిదిన్నరకు ఇల్లు వదిలితే తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. వారానికి ఒక్క రోజే సెలవు. భర్త ఆటో నడుపుతారు. బడి పిల్లల ట్రిప్పులే ఆయనకు నికరమైన రాబడి కనుక వేసవి వస్తే అది ఆగిపోతుంది. ఆడవాళ్లకు బస్సులో ఉచిత ప్రయాణం వచ్చాక మిగతా గిరాకీ కూడా తగ్గిందనీ, ఎండలో తిరిగితే గ్యాసు ఖర్చు తప్ప మిగిలేది లేదని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా స్టాండులో చెట్టు కింద ఆటోలోనే కునుకు తీస్తారనీ రాశారు. అమ్మాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి అయింది. బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి అయింది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఇంట్లోనే ఉంటారు. మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు.

ఆ వీధిలో ఒకరు వేసవి శిబిరం పెట్టారు. ఉదయం ఏడున్నర నుంచి పది దాకా నడుస్తుంది, రుసుము ఒక్కొక్కరికి ఆరున్నర వేలు. పక్కింటి పిల్లలు చేరారు. ఒక రాత్రి అమ్మాయి "మన దగ్గర డబ్బుల్లేవా అమ్మా?" అని అడిగితే, ఏం చెప్పాలో తెలియక లైటు తీసేసి పడుకున్నానని ఈమె రాశారు. చీటీ పాడి ఆ 13 వేలు కట్టేద్దామా అన్నది ఈమె ఆలోచన. పిల్లల్ని గుడివాడ దగ్గరి పల్లెలో ఉన్న ఈమె పుట్టింటికి పంపెయ్యమని భర్త అంటున్నారు. కిందటేడు నెల రోజులు ఉండి వచ్చాక "పిల్లలొచ్చిన నెల కరెంటు బిల్లు రెట్టింపయింది" అని వదిన ఎవరితోనో అన్నట్టు తెలిసింది కాబట్టి, ఈ జన్మలో పంపనంటున్నారు ఈమె. ఇప్పుడు పిల్లలు పొద్దస్తమానం ఫోను పట్టుకుంటున్నారు. "పెద్దది ఉంది కదా, తమ్ముణ్ని చూసుకోమన్నాను, ఇద్దరూ రోజూ కొట్టుకుంటున్నారు" అని ఒక వాక్యం. సెలవులన్నింటికీ కలిపి 2,500 రూపాయలకు మించి ఖర్చు పెట్టలేనని, ఏం చేయమంటారని చివర అడిగారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో "సెలవులు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, దాదాపు అన్నిసార్లూ "డబ్బు" అన్న మాట కూడా వచ్చింది. ఆ రెండింటినీ కాసేపు విడదీసి చూద్దాం. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా లెక్క వేస్తే 49 రోజులు. వినడానికి కొండంత ఉంటుంది. కానీ మీ ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో మీరు రాసిన దాన్నిబట్టే చూస్తే, తొమ్మిదిన్నర దాకా మీరు ఇంట్లో ఉంటారు. ఆ తర్వాత స్నానాలు, టిఫిన్లు, అత్తగారి పూజ, బాబు మేడ మెట్ల మీద ఆడుకోవడం, వీటితో పన్నెండు అవుతుందని మీరే అన్నారు. సాయంత్రం నాలుగు దాటితే వీధిలో నీడ పడుతుంది, శిబిరానికి వెళ్లిన పిల్లలు కూడా అప్పటికి ఆటలకు బయటికి వస్తారు. మిగిలింది పన్నెండు నుంచి నాలుగు వరకు. అత్తగారు నడుం వాల్చేదీ, పిల్లలు కొట్టుకునేదీ, ఫోను చేతిలోకి వచ్చేదీ ఆ నాలుగు గంటల్లోనే. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు కదా, పైన మరో అంతస్తు లేని మీ గదుల్లో ఆ వేళ పెద్దవాళ్లకే సహనం ఉండదు.

ఇప్పుడు ఆ శిబిరం వేళలు మళ్లీ ఒకసారి చూడండి. ఏడున్నర నుంచి పది. మీరు చీటీ పాడి 13 వేలు కట్టినా పిల్లలు పదింటికల్లా ఇంటికి వచ్చేస్తారు, ఆ నాలుగు గంటలు మీకు అలాగే మిగిలిపోతాయి. శిబిరాలు పనికిరావని నేను అనడం లేదు. అమ్మాయికి బొమ్మలు గీయడంలోనో, ఈతలోనో నిజంగా ఆసక్తి ఉండి, దాన్ని బాగా నేర్పేవారు దొరికితే ఆ ఒక్కదానికి డబ్బు పెట్టడం అర్థం ఉన్న ఖర్చే. అయితే చీటీని తొందరపడి పాడితే మొత్తంలోంచి తోపుడుగా వదులుకోవాల్సింది ఎంతో మీకు తెలుసు, జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం, మొదటి టర్ము ఫీజు వరసగా వస్తాయన్నదీ తెలుసు. పక్కింటి పిల్లలతో సమానంగా ఉన్నారన్న తృప్తి కోసమే కడితే, ఆ తృప్తి జూన్ మొదటి వారం దాటి నిలవదని నా అనుమానం. అయినా కట్టాలనే నిర్ణయించుకుంటే మొత్తం సెలవులకు కాకుండా ఒక్క నెలకు తీసుకుంటారేమో అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

రుసుము భారం లేని దారులు కూడా ఉన్నాయి. జిల్లా గ్రంథాలయ సంస్థ ఆధ్వర్యంలో వేసవిలో గ్రంథాలయాల్లో పిల్లలకు విజ్ఞాన శిబిరాలు నడుస్తాయి. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం, పాటలు, ఆటలు ఉంటాయి. మీ ఇంటి యజమాని కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది, అది ఎంతో కొంత మీ అద్దెలోంచి వచ్చిందే కనుక మొహమాటం లేకుండా వెళ్లండి. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కూడా మే నెలలో ఉదయంపూట ఆటల శిక్షణ పెడుతుంది. ఈ రెండింటి వివరాలూ మీ సెలవు రోజున స్వయంగా వెళ్లి కనుక్కోండి. వీటిలో ఒక చిక్కుంది. పిల్లల్ని తీసుకెళ్లి తీసుకురావడానికి ఒకరు కావాలి. ఉదయం దింపడం మీవారికి కష్టం కాదు, ఆటో ఎలాగూ అప్పుడే బయటికి తీస్తారు. తిరిగి తీసుకురావడం ఎవరివల్ల అవుతుందన్నది మీరిద్దరూ ముందే అనుకోకపోతే నాలుగో రోజుకే మానేస్తారు.

మళ్లీ ఆ నాలుగు గంటల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా కళ్లు ఒకచోట ఆగాయి. మీవారు ఒంటిగంట నుంచి మూడున్నర దాకా స్టాండులో, ఆటోలో, కాళ్లు బయటికి చాపుకొని పడుకుంటారు. మీకు మనిషి అవసరమైన నాలుగు గంటల్లో రెండున్నర గంటలు అవే. ఆయన ఇంటికి వచ్చి పడుకోవచ్చు కదా? పిల్లలతో ఆడమనీ, చదివించమనీ అడగనక్కర్లేదు. ఆయన భోజనం చేసి ఫ్యాను కింద నిద్రపోతే చాలు, నాన్న పక్కగదిలో ఉన్న ఇంట్లో పిల్లల గొడవ సగానికి సగం తగ్గుతుంది. స్టాండు నుంచి రానూ పోనూ గ్యాసు ఖర్చవుతుంది, వరసలో తన వంతు పోతుంది, ఇంట్లో సరిగా నిద్ర పట్టకపోవచ్చు, ఇవి ఆయనకు నిజమైన ఇబ్బందులే. అందుకని రోజూ రమ్మనకుండా వారానికి నాలుగు రోజులని మొదలుపెట్టండి. "మీరు పిల్లల్ని పట్టించుకోవడం లేదు" అని మొదలుపెడితే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. "మధ్యాహ్నం అత్తయ్య ఒక్కరే అవుతున్నారు" అని మొదలుపెట్టి చూడండి.

అత్తగారి విషయం కూడా ఇలాంటిదే. "పిల్లల్ని కాస్త చూస్తుండండి" అని రోజూ చెప్పి వెళుతున్నానని రాశారు. మోకాళ్లు సహకరించని మనిషికి ఏడేళ్ల పిల్లవాడి వెనక లేవడం శిక్ష. ఆవిడ విసుగులో తప్పు లేదు. చూడమనడం మాని నేర్పమని అడిగితే ఆవిడ స్థానం మారుతుంది. పిల్లల వెనక ఆవిడ తిరగకుండా, పిల్లలే వచ్చి ఆవిడ చుట్టూ కూర్చుంటారు. గచ్చు మీద సుద్దముక్కతో అయిదు వరుసల్లో అయిదేసి గళ్లు గీస్తే అష్టాచెమ్మా పటం తయారవుతుంది. నాలుగు గవ్వలు కావాలి. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒకవైపు బండకేసి తెల్లగా అరగదీస్తే సరిపోతుంది, ఆ అరగదీయడంలో బాబుకు ఒక పూట గడుస్తుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. రెండు వరుసల్లో ఏడేసి గుండ్రాలు గీసి, ఒక్కోదాంట్లో అయిదు చొప్పున 70 చింతపిక్కలు పోస్తే వామనగుంటలు. ఈ ఆటలో లెక్క తప్పితే ఓడిపోతారు కనుక, ఎక్కాలు రాని పిల్లలు కూడా వేళ్ల మీద చకచకా లెక్క కట్టడం నేను చూశాను. మూడు పులులు, 15 మేకలతో ఆడే పులీమేకా మీ అమ్మాయి వయసుకు బాగా సరిపోతుంది, మేకలతో పులిని కట్టెయ్యడం చదరంగంలో ఆట కట్టించడమంత కష్టం. మీ అత్తగారికి ఇవన్నీ వచ్చో రాదో నాకు తెలియదు, కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన ఆ వయసు ఆవిడకు ఒక్కటైనా రాకుండా ఉండదని మాత్రం పందెం కాస్తాను. అయితే ఈ ఆటలు రోజంతా సాగవు. మహా అయితే గంటన్నర. రెండో వారానికి మొహం మొత్తుతుంది, అప్పుడు ఆట మార్చాలి. అలా మొత్తడం వైఫల్యమని మీరు అనుకోకండి, బడిలో చెప్పే పాఠాలు వాళ్లకు రెండో రోజునే మొత్తుతాయి.

మీ 2,500లో ఒకే ఒక్క వస్తువు కొనమంటే నేను క్యారమ్ బోర్డు కొనమంటాను. కొత్తదే కానక్కర్లేదు, తెలిసినవాళ్ల ఇళ్లలో అటక మీద ఒకటి పడి ఉండే అవకాశం చాలా ఎక్కువ, ముందు అడిగి చూడండి. నలుగురు ఆడవచ్చు, నీడలో ఆడవచ్చు, చుట్టుపక్కల పిల్లలు వాళ్లంతట వాళ్లే మీ ఇంటికి వస్తారు. శిబిరంలో పిల్లలకు దొరికేది ముఖ్యంగా తోటి పిల్లల సావాసమే కదా. వీధిలో మీలాగే ఉద్యోగాలు చేసే తల్లులు మరో ఇద్దరు ముగ్గురు ఉన్నట్టు రాశారు. మధ్యాహ్నాలు వంతులు వేసుకుని ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో పిల్లలందరూ ఉండేలా మాట్లాడుకోవచ్చు. మీ సెలవు రోజున మీ వంతు పెట్టుకోవాలి, అంటే దొరికిన ఒక్క సెలవు మధ్యాహ్నమూ ఆరుగురు పిల్లల గోల భరించాలి. కింద ఉండే ఇంటి యజమానికి ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఈ శ్రమ మీకు ఎక్కువ అనిపిస్తే దీన్ని వదిలేయండి, మిగతావాటితో కూడా నెట్టుకురావచ్చు.

ఫోను గురించి. పూర్తిగా లాగేసుకుంటే మూడు రోజులు ఏడుస్తారు, నాలుగో రోజు పక్కింటికి వెళ్లి చూస్తారు. గంట మాత్రమే అని నియమం పెడితే, ఆ నియమం అమలు చేయాల్సిన మనిషి ఆ వేళకు నిద్రపోతూ ఉంటారు. నాకు తోచింది ఒకటుంది. ఇంట్లో వదిలి వెళ్లే ఆ పాత ఫోన్లోంచి సిమ్ము తీసేసి, అత్తగారి చేతికి మాట్లాడటానికి వీలైన బటన్ల ఫోను ఒకటి ఇవ్వండి. పాత ఫోన్లో ముందురోజు రాత్రి మీవారు ఒక గంట సేపు వచ్చే కార్యక్రమమేదైనా ఎక్కించి పెడతారు. అది అయిపోతే అయిపోయినట్టే, వేలితో తోస్తే మరొకటి పుట్టుకురాదు. పిల్లల్ని కట్టిపడేసేది ఆ ఆగకుండా రావడమే. ఆ గంట కూడా పొద్దున్నే ఇచ్చేయకుండా మూడింటికి ఇవ్వమనండి, ఆటలన్నీ అయిపోయి, ఎండ ఇంకా దిగని ఆ వేళకు దాచుకున్నట్టు ఉంటుంది. వాళ్లు దీన్ని మొదట ఒప్పుకోరు.

ఇక మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయిన విషయం. పెద్దది ఉంది కదా, తమ్ముణ్ని చూసుకోమన్నానని. పదకొండేళ్ల పిల్లకు కూడా ఇవి సెలవులేనమ్మా. వాడు మెట్ల మీద నుంచి పడితే మాట పడేది తను, వాడు అన్నం తినకపోతే మాట పడేది తను. పైగా వాణ్ని కోప్పడే అధికారం తనకు లేదు. ఆ అధికారం లేని బాధ్యత వల్లే రోజూ కొట్లాట జరుగుతోందని నాకు అనిపిస్తోంది. ఆమెకు రోజుకు రెండు గంటలు, తమ్ముడు జోక్యం చేసుకోని సమయం ఉండాలి. గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుంటే ఇంటికి పుస్తకాలు తెచ్చుకోవచ్చు, దానికి కట్టే డిపాజిట్టు పెద్ద మొత్తం కాదు. ఆ రెండు గంటలు బాబు నానమ్మ దగ్గరో, నాన్న పక్కనో ఉంటాడు. దీనివల్ల మీకు ఇప్పుడున్న ఆసరా కొంత తగ్గుతుంది, ఆ లోటు మీవారు మధ్యాహ్నం ఇంటికి రావడంతో పూడాలి.

అమ్మాయి అడిగిన ప్రశ్నకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు. "ఉన్నాయి, కానీ..." అని దాటవేస్తే ఆమె నమ్మదు, ఆ వయసు పిల్లలు ఇంట్లో గుసగుసలన్నీ వింటారు. అప్పులు, చీటీలు, నాన్న రాబడి తగ్గడం అంతా విప్పి చెబితే మోయలేని బరువు మోపినట్టవుతుంది. మధ్యలో ఒక దారి ఉంది. "ఈ సెలవులకు మనం 2,500 ఖర్చు పెట్టగలం, ఎలా పెడదాం?" అని ఆ మొత్తాన్ని ఒక నోటుపుస్తకంతో సహా ఆమె ముందు పెట్టండి. జమలు, ఖర్చులు ఆమే రాస్తుంది. క్యారమ్ బోర్డుకు ఎంత, పుచ్చకాయకు ఎంత, ఊరికి వెళితే తమ్ముడి టికెట్టుకు ఎంత అని లెక్క వేస్తుంది. అందులో ఓ వంద తప్పుగా ఖర్చు పెట్టినా మీరు కోప్పడకూడదు. ఇది మీకు కష్టమే, మీ చేతిరాతలో ఆ అంకె కింద రెండు గీతలున్నాయి.

మీ వారపు సెలవులు ఏడు వస్తాయి. వాటిలో మూడింటిని బయట తిరగడానికి పెట్టుకోండి, మిగతావి మీ నిద్రకు కావాలి. ఉచిత బస్సు మీవారి గిరాకీ తీసుకున్న మాట నిజమే, అది ఉన్నప్పుడు మీరూ అమ్మాయీ వాడుకోవడంలో తప్పు లేదు. ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి, బాబుకు అర టికెట్టు తీసుకుంటే చాలు. ఉండవల్లి గుహలకు పొద్దున్నే వెళ్లండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్టు లేదు, ఏకశిలలో చెక్కిన పడుకున్న విష్ణువు పక్కన రాయి చల్లగా ఉంటుంది. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ల ఇళ్లముందు నిలబడితే తెల్లపొణికి కర్రను చెక్కడం, రంగులు వేయడం కళ్లారా చూడవచ్చు, ఒక చిన్న బొమ్మ కొనకుండా మాత్రం రాలేరు, దాన్ని ముందే అమ్మాయి లెక్కలో రాయించండి. ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ గేట్లు లెక్కపెట్టమని బాబుకు పందెం వేయండి. 70 ఉంటాయి, మధ్యలో ఎక్కడో తప్పి మళ్లీ మొదటినుంచి లెక్కపెడతాడు. దూరం వెళ్లలేకపోతే మేడ మీదే ఒక వింత ఉంది. మే మొదటి వారం చివర్లో ఒక రోజు, విజయవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే కనిపించదు. మే 4 నుంచి రోజూ ఆ వేళకు అయిదు నిమిషాలు, చెప్పులేసుకుని, టోపీ పెట్టుకుని నీడ కొలిచి రాసుకోమనండి, ఆ రోజు ఏదో వాళ్లే పట్టుకుంటారు. సాయంత్రం అదే మేడ మీద రెండు బకెట్ల నీళ్లు చల్లే పని కూడా వాళ్లకే అప్పగిస్తే రాత్రికి గది కాస్త చల్లబడుతుంది.

చివరగా మీ పుట్టిల్లు. ఈ జన్మలో పంపనన్నారు. వదిన అన్నమాట మీకు మూడో మనిషి ద్వారా వచ్చింది, ఏ సందర్భంలో అన్నారో మనకు తెలియదు. అన్నారనే అనుకుందాం. నెల రోజులపాటు తన పిల్లలతో కలిపి నలుగురికి మూడు పూటలా వండిపెట్టిన మనిషి నోట కరెంటు బిల్లు మాట వచ్చిందంటే, అలసిపోయానని చెప్పలేక అది చెప్పి ఉండవచ్చు. నిజంగానే డబ్బు గురించే అన్నా అందులో నేరం లేదు, వాళ్లదీ లెక్క చూసుకుని బతికే ఇల్లే. అసలు పంపకపోతే మీ మనసు నిమ్మళంగా ఉంటుంది, పిల్లలు మాత్రం తాటిముంజలు తిని ఆ కాయలకు పుల్ల గుచ్చి బండి తోలే సరదానూ, మేనమామ దగ్గర చనువునూ పోగొట్టుకుంటారు. కిందటేడులా నెల రోజులు పంపితే ఈసారి మాట నేరుగా మీ ముఖానే రావచ్చు. పది రోజులు పంపి, ఆ తర్వాత వాళ్ల పిల్లల్ని అయిదు రోజులు మీ ఇంటికి తెచ్చుకుంటే వదినకు కూడా ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. మీ రెండు గదుల్లో నలుగురు పిల్లలంటే మీ అత్తగారిని ముందుగా అడగాలి. పిల్లలతోపాటు నెలసరుకుల్లో కొంత మీరే పంపండి, డబ్బు చేతికిస్తే అవమానంగా తీసుకునే ఇళ్లుంటాయి. చెరువు, మోటారు బావి వైపు పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదన్న ఒక్క షరతు మాత్రం అన్నయ్యతో గట్టిగా చెప్పండి. ప్రతి వేసవిలో ఈతకు దిగి మునిగిపోయిన పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, పట్నం పిల్లలకు లోతు అంచనా ఉండదు.

ఈ విషయం మాట్లాడటానికి ఫోను అన్నయ్యకు చేయకండి, వదినకే చేయండి. ఆయనకు చేస్తే "దానిదేముంది, పంపించు" అని అక్కడికక్కడే అనేస్తారు, వంట మాత్రం ఆవిడ చేయాలి. "నీకు ఏ పది రోజులు వీలవుతుంది వదినా?" అని అడగండి. రోహిణి కార్తెకు ముందే తేదీలు కుదిరితే మంచిది. కరెంటు బిల్లు ఊసు మీరు ఎత్తవద్దు, ఆవిడ ఎత్తితే వినండి.